చంద్రగిరి – పాకాల దారిలో మా తాతగారి తొట్టి ఇల్లు అమ్మకానికి: కూల్చకుండా బాగుచేసుకునేవాళ్ల కోసం

తొట్టింటి_మనవరాలు | జూన్ 9, రాత్రి

అందరికీ నమస్కారం. చంద్రగిరి నుంచి పాకాల పోయే దారిలో, మెయిన్ రోడ్డు దిగి కొంచెం లోపలికి పోతే వచ్చే పల్లెలో మా తాతగారి ఇల్లు ఉంది. కట్టి నూరేళ్లు దాటిందని అవ్వ చెప్పేది. తాత పోయారు, తర్వాత అవ్వ కూడా పోయింది. ఆరేళ్లుగా తాళం వేసి ఉంది. మా నాన్న, పెదనాన్న, ఇద్దరు మేనత్తలు కలిసి అమ్మేద్దామన్నారు. నాకూ అభ్యంతరం లేదు. మాలో అక్కడికి వెళ్లి ఉండగలిగేవాళ్లు ఎవరూ లేరు.

బాధ వేరే ఉంది. ఇప్పటిదాకా ముగ్గురు వచ్చి చూశారు. ముగ్గురిలో ఒక్కరూ గడప దాటి లోపలికి రాలేదు. బయటే నిలబడి స్థలం టేపుతో కొలుచుకున్నారు. "కొట్టేయడానికి జేసీబీకి ఒక పూట చాలు" అని ఒకాయన నా ముందే ఫోన్లో చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంటి సంగతి చెప్తాను. వీధి వైపు రెండు పెద్ద తిన్నెలు. తలవాకిలి టేకుది, రెండు రెక్కలు, పై కమ్మీ మీద చిలకలు, మామిడి పిందెలు చెక్కి ఉంటాయి. ముందు భాగం మిద్దె. లోపల నడుమ తొట్టి, చుట్టూ నాలుగు వైపులా పంచలు, 8 టేకు స్తంభాలు. కోస్తా వాళ్లు దీన్నే మండువా అంటారు. వెనక వంటిల్లు, గాదె గది, వీటి మీద నాటు పెంకులు. పెరట్లో రాతి బావి, గొడ్ల కొట్టం. ఇల్లు, పెరడు కలిపి 26 సెంట్లు. మోకాలెత్తు దాకా రాతి కట్టు, ఆపైన మట్టి గోడ. మందం నా మూర కంటే ఎక్కువ. మే నెలలో కూడా లోపల చల్లగా ఉంటుంది.

పాడైనవి కూడా దాచను. 2021 నవంబరు వానలకు వంటింటి కప్పు ఒక మూల కూలింది. మిద్దె మీద పిట్టగోడలో రావి మొక్క మొలిచింది. రెండు దూలాలకు చెదలు పట్టింది. పడమటి గోడకు చెమ్మ.

దీన్ని ఇల్లుగా ఉంచుకునేవాళ్లకు ఇవ్వాలని ఉంది. ఎలా వెతకాలి? అంతలోపల ఇల్లు ఇంకా పాడు కాకుండా ఏం చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ప్లాట్ల_లెక్క | జూన్ 9, రాత్రి

చెల్లెమ్మా, బాధపడొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్తాను. నేను ఇరవై ఏళ్లుగా స్థలాలు చూపిస్తున్నాను. మన తిరుపతి లెక్కలో అంకణం అంటే 36 చదరపు అడుగులు. ఆ లెక్కన మీ 26 సెంట్లు 314 అంకణాల పైన వస్తుంది. కొనేవాళ్లు ఈ అంకణాలకే డబ్బు ఇస్తారు. ఇంటికి ఇవ్వరు. పైగా కొట్టి, చెత్త ఎత్తించే ఖర్చు మీ ధరలోంచే తగ్గిస్తారు. నలుగురు వాటాదారులు ఉన్నారంటున్నారు. వాళ్లలో ఎవరికి అర్జెంటుగా డబ్బు అవసరమో అది కూడా చూసుకోవాలి. ఇల్లు నిలబడాలని ధర తగ్గించుకుంటే తర్వాత ఇంట్లోనే మాటలు వస్తాయి.

పులిచర్ల_రైతు | జూన్ 9, రాత్రి

అన్న చెప్పిన మాటలో నిజం ఉంది గానీ ఒకటి మర్చిపోయాడు. ఆ మందం మట్టి గోడ, ఆ టేకు ఈ రోజు పెట్టాలంటే ఎంత అవుతుంది? మా ఊళ్లో అలాంటి ఇల్లు కొట్టి స్లాబ్ ఇల్లు కట్టారు. ఎండాకాలం మధ్యాహ్నం అందరూ వచ్చి చింతచెట్టు కింద కూర్చుంటున్నారు.

పెనుమూరు_అక్క | జూన్ 10, ఉదయం

అమ్మాయీ, ఈ ఇంటిని ఎవరు కొన్నా సరే, వాళ్లకు నా సంగతి చెప్పు.

మాదీ మట్టి గోడల ఇల్లే. పదేళ్ల కిందట పడకగది గోడ కింద సున్నం రాలుతోందని మేస్త్రిని పిలిచాం. "పాత సున్నం గీకేసి నాలుగడుగుల ఎత్తు దాకా సిమెంట్ పూస్తే జన్మకు చెమ్మ రాదు" అన్నాడు. పూయించాం. మొదటి ఏడాది అద్దంలా ఉంది. రెండో ఏడాది వానలకు చెమ్మ సరిగ్గా ఆ నాలుగడుగుల గీత దాటి పైకి ఎక్కింది. గోడకు తెల్లగా ఉప్పు పూసింది. మూడో ఏడాది సిమెంట్ మీద కొడితే డొల్ల శబ్దం. ఒక పెచ్చు ఊడదీస్తే వెనక ఉన్న మట్టి పిండిలా రాలింది. గోడలో ఒక చెయ్యి దూరేంత ఖాళీ.

నేలలోంచి వచ్చే తడి ఇదివరకు సున్నంలోంచి బయటికి పోయి ఆరిపోయేదట. సిమెంట్ దాన్ని లోపలే బంధించింది. మా మామగారి నాయన కట్టిన గోడ, నూరేళ్లు నిలబడింది. మేము మూడేళ్లలో పాడుచేశాం. ఆ గోడ చివరికి తీసేయాల్సి వచ్చింది. ఇప్పటికీ ఆ గదిలోకి పోతే నాకు కడుపులో తిప్పినట్టు ఉంటుంది.

కట్టడాల_ఆర్కిటెక్ట్ | జూన్ 10, మధ్యాహ్నం

పెనుమూరు అక్కగారు చెప్పినది అక్షరాలా జరిగేదే. నేను చిత్తూరులో ఉంటాను, పాత ఇళ్ల పని చేస్తాను. ఈ ఇంటి విషయంలో నా సలహా కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

మొదట నీళ్లు. అందం తర్వాత. పాత ఇల్లు పడిపోయేది నీళ్ల వల్లే. పై నుంచి కారే నీళ్లు, కింద నుంచి ఎక్కే నీళ్లు, గోడ పక్కన నిలిచే నీళ్లు. పడమటి గోడకు చెమ్మ అన్నారు కదా, ఆ గోడ బయట వైపు వెళ్లి చూడండి. ఏళ్ల తరబడి మట్టి, చెత్త పేరుకుని బయట నేల లోపలి గచ్చు కంటే ఎత్తుగా ఉందేమో. సగం ఇళ్లలో ఇదే కారణం. ఆ మట్టి తీసేసి, వాలు గోడకు దూరంగా వచ్చేట్టు చేస్తే ఒక్క పైసా సున్నం ఖర్చు లేకుండానే చెమ్మ సగం తగ్గుతుంది. తొట్టిలోంచి నీళ్లు బయటికి పోయే తూము మూసుకుపోయిందా అనేది కూడా చూడండి. తొట్టి నిండితే తడి నాలుగు వైపులా స్తంభాల మొదళ్లకు పాకుతుంది.

తర్వాత మిద్దె. ముందు భాగం మద్రాస్ టెర్రస్ అయ్యుంటుంది. గదిలో నిలబడి పైకి చూస్తే వరసగా కొయ్య దంతెలు, వాటి మీద సన్నటి ఇటుకలు నిలువుగా, ఏటవాలు వరసల్లో కనిపిస్తే అదే. ఆ ఇటుకల మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన కాంక్రీట్ వేసి, చెక్క బ్యాట్లతో రోజుల తరబడి కొట్టి గట్టిచేసేవాళ్లు. కారుతోందని ఎవరో ఒకరు దాని మీద సిమెంట్ పోయమంటారు. దయచేసి పోయకండి. పదడుగుల చదరం గది మీద ఒక్క అంగుళం మందం సిమెంట్ కాంక్రీట్ పోస్తేనే దాదాపు 550 కిలోల బరువు పడుతుంది. చెదలు పట్టిన దూలం ఆ బరువు మోయలేదు.

దూలాల సంగతి. దూలం మధ్యలో బాగానే కనిపిస్తుంది. కుళ్లేది గోడలోకి దూరిన కొనల దగ్గర, ఎందుకంటే తడి అక్కడే ఉంటుంది. సుత్తితో తట్టి శబ్దం వినండి, గోడ పక్కన సన్నటి స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. కొన మాత్రమే పోతే దూలం మొత్తం మార్చక్కర్లేదు. పాడైన భాగం కోసి, అదే జాతి కొయ్యతో అతుకు వేసి, కింద ఒక ఆనింపు ఇస్తే చాలు. ఆ లోపల పెద్దవాళ్లు గానీ పిల్లలు గానీ ఆ గదిలోకి పోకుండా తాళం వేయండి, దూలాల కింద నిలువు పోట్లు పెట్టించండి.

రావి మొక్కను పట్టి లాగకండి. వేరుతో పాటు పిట్టగోడ వస్తుంది. మొదలు దగ్గర కోసేసి, మళ్లీ చిగురించినప్పుడల్లా కోస్తూ వేరు చచ్చేదాకా ఓపిక పట్టాలి. ఆ తర్వాత ఆ పగులు సున్నంతో పూడ్చాలి.

తొట్టింటి_మనవరాలు | జూన్ 10, రాత్రి

మేడమ్, ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. ఈ సాయంత్రమే మా తమ్ముణ్ణి పంపించాను. మీరు చెప్పినట్టే పడమటి గోడ బయట అడుగున్నర ఎత్తు మట్టి పేరుకుని ఉందట. పక్కింటివాళ్లు పేడ దిబ్బ కూడా అక్కడే వేస్తున్నారు. తూము కనిపించనే లేదన్నాడు. నేను చిన్నప్పుడు కాగితం పడవలు వదిలితే అవి ఆ తూములోంచి పెరట్లోకి పోయేవి. రేపు తవ్వి చూడమన్నాను.

చంద్రగిరి_కోటవీధి | జూన్ 11, ఉదయం

అక్కా, సున్నం బలం మీద ఎవరికైనా అనుమానం ఉంటే మా ఊరి రాజమహల్ చూపించండి. మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కొయ్య వాడలేదు. ఆరవీటి రాజుల కాలం కట్టడం, ఇవాళ్టికీ అందులో పురావస్తు శాఖ మ్యూజియం నడుస్తోంది. చిన్నప్పటి నుంచి ఆ గోడల పక్కనే ఆడుకున్నాను.

ఇంకో మాట, కొనేవాళ్లకు పనికొస్తుంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషేధం. ఆపైన ఇంకో 200 మీటర్ల దాకా ఏం కట్టాలన్నా, మరమ్మతు చేయాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి. 2010లో చట్టం మార్చినప్పటి నుంచి ఇది గట్టిగా అమలవుతోంది. మీ పల్లె కోటకు దూరమే గానీ, దగ్గర్లో రక్షిత గుడి ఏదైనా ఉందేమో ఒకసారి చూసుకోండి.

రిజిస్ట్రేషన్_రిటైర్డ్ | జూన్ 11, ఉదయం

అమ్మా, ఇంటి గోడల గురించి పెద్దలు చెప్పారు. నేను కాగితాల గురించి చెప్తాను. రిజిస్ట్రేషన్ల పనిలోనే జీవితం గడిపినవాణ్ణి. మంచి ఇల్లు, మంచి కొనుగోలుదారు దొరికి కూడా కాగితాల దగ్గర బేరం చెడిపోవడం ఎన్నోసార్లు చూశాను.

ఇల్లు గ్రామకంఠంలో (ఊరి ఇళ్ల కోసం మొదటి నుంచీ ఉన్న స్థలం) ఉందా, పట్టా సర్వే నంబర్లో ఉందా అన్నది ముందు తేల్చుకోండి. పాత ఊళ్లో ఇళ్లు చాలావరకు గ్రామకంఠమే. దానికి విడిగా సర్వే నంబరు ఉండదు కాబట్టి ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీస్తే ఖాళీగా రావచ్చు. కంగారు పడొద్దు. పాత దస్తావేజులోని చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు), పంచాయతీ ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, ఇవే మీకు ఆధారం. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల 22ఏ నిషేధిత జాబితాలో పొరపాటున పడిందేమో కూడా చూడండి. పడి ఉంటే దాన్ని తీయించడానికే నెలలు పడుతుంది.

రెండోది వారసులు. తాతగారు వీలునామా రాయకుండా పోయి ఉంటే, అది ఆయన స్వార్జితమైనా సరే కొడుకులతో సమానంగా కూతుళ్లకూ వాటా ఉంటుంది. పిత్రార్జితమైతే మన రాష్ట్రంలో 1986 చట్టంతో కొంత, 2005 కేంద్ర సవరణతో పూర్తిగా కూతుళ్లకు పుట్టుకతో హక్కు వచ్చింది. 2020లో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టం చేసింది. కాబట్టి మేనత్తలిద్దరి సంతకాలూ కావాలి. "వాళ్లకు పెళ్లప్పుడే ఇచ్చేశాం" అనే మాట దస్తావేజులో పనికిరాదు. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ ఇప్పుడే పెట్టుకోండి.

మూడోది పన్ను. వారసత్వంగా వచ్చిన పాత ఆస్తికి 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను అసలు ఖరీదుగా తీసుకోవచ్చు. మంచి ఆడిటర్‌తో ఆ వాల్యుయేషన్ చేయించుకోండి. వాటాదారుల్లో ఎవరైనా విదేశంలో ఉంటే టీడీఎస్ లెక్క వేరేగా ఉంటుంది.

ప్లాట్ల_లెక్క | జూన్ 11, మధ్యాహ్నం

సార్ చెప్పినవి నూటికి నూరు శాతం కరెక్ట్. నేను మొన్న రాసినదానికి ఒక మాట కలుపుతాను. పెనుమూరు అక్క రాసింది చదివాక మా అమ్మగారి ఊరి ఇల్లు గుర్తొచ్చింది. ఇలాంటివి కొనేవాళ్లు లేకపోలేదు, ఈ మధ్య ఇద్దరు ముగ్గురు నన్నే అడిగారు. బెంగళూరు, చెన్నైలో పనిచేసి, అమ్మానాన్నల కోసం సొంత వైపు ఇల్లు చూసుకునేవాళ్లు. వాళ్లకు జేసీబీ ఆలోచన ఉండదు. కాకపోతే వాళ్లు తొందరపడరు, ఆరేడు నెలలు పడుతుంది. మీ వాళ్లు అంత ఆగగలరా అన్నది మాట్లాడుకోండి.

నగరి_నుంచి | జూన్ 11, రాత్రి

ఒక హెచ్చరిక. ఇల్లు అమ్మకానికి ఉందని తెలియగానే పాత సామాను కొనేవాళ్లు వస్తారు. తలవాకిలికి ఒక రేటు, స్తంభాలకు ఒక రేటు చెప్పి, "ఇల్లు ఎలాగూ పోయేదే కదా, ఇవి విడిగా అమ్ముకోండి" అంటారు. మా పెద్దమ్మ వాళ్లు అలా ఇచ్చేశారు. రెండు లారీల్లో తీసుకుపోయారు. స్తంభాలు పోయాక పంచ కప్పు వారంలో కూర్చుంది, ఆ తర్వాత ఇల్లు అనేదే లేదు.

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, కట్టడం నుంచి విడదీసిన వస్తువు నూరేళ్లకు తక్కువ కానిదైతే అది కూడా పురావస్తువు లెక్కలోకి వస్తుంది. దాన్ని దేశం దాటించడం నేరం. కొనేవాడు ఎవరికి అమ్ముతాడో మనకేం తెలుసు?

పాకాల_మామిడితోట | జూన్ 12, ఉదయం

నగరి అన్నా మంచి మాట చెప్పారు. అమ్మా, మీ ఇంట్లో ఎక్కడైనా ఎర్రచందనం కొయ్య ఉందా? శేషాచలం పక్క ఊళ్లలో పాత ఇళ్లకు ద్వారబంధాలకు, స్తంభాలకు వాడేవాళ్లు. ఉంటే అది ఇంట్లో ఉన్నచోటే ఉండనీయండి. విడదీసి బండికి ఎత్తితే అటవీ శాఖ అనుమతి లేకుండా తరలించినట్టు అవుతుంది, పెద్ద కేసు.

తొట్టింటి_మనవరాలు | జూన్ 12, రాత్రి

గాదె గది ద్వారబంధం ముదురు ఎరుపు రంగులో, చాలా బరువుగా ఉంటుంది. అదేనేమో తెలియదు. ఏదైనా సరే, దాన్ని కదిలించేది లేదు. కొనేవాళ్లకు ముందే చెప్తాం.

ఇంకో సంగతి. తమ్ముడు తూము తవ్వాడు. రెండు గంపల మట్టి, ఒక పాత ఇత్తడి చెంబు బయటికి వచ్చాయి. చెంబు మీద మా జేజమ్మ పేరు పొళ్లతో కొట్టి ఉంది. అవ్వకు అత్తగారు. మా నాన్నకు ఫోటో పంపితే చాలాసేపు ఏం రాయలేదు. తర్వాత ఫోన్ చేసి, "ఆరు నెలలు ఆగుదాంలే" అన్నాడు.

గార_మేస్త్రి | జూన్ 13, రాత్రి

(నాన్న చెప్తుంటే కొడుకు టైప్ చేస్తున్నాడు.)

అమ్మా, నాకు డెబ్భై దాటింది. మా నాయన దగ్గర గార పని నేర్చుకున్నాను. గుళ్లకు, సత్రాలకు, ఇలాంటి మిద్దెలకు పనిచేశాను. ఈ మధ్య పిలిచేవాళ్లు లేక సిమెంట్ పనికే పోతున్నాను. మీరు రాసింది మా వాడు చదివి వినిపిస్తే మాట్లాడాలనిపించింది.

సున్నం అంటే అందరూ డబ్బాలో వచ్చే పొడి అనుకుంటారు. అది వెల్ల వేయడానికి సరిపోతుంది గానీ గారకు పనికిరాదు. రాళ్ల సున్నం తేవాలి, బట్టీలో కాల్చినది, గాలి తగలనిది. నేలలో గుంత తవ్వి నీళ్లు పోసి అందులో కొంచెం కొంచెంగా వేయాలి. బుసబుసా పొంగుతుంది, నీళ్లు మరిగిపోతాయి. దగ్గరికి పిల్లల్ని రానీయకూడదు. కంట్లో పడితే చూపు పోతుంది, అద్దాలు పెట్టుకోవాలి. పొంగడం ఆగాక వడగట్టి వెన్నలా వచ్చినదాన్ని గుంతలోనే నీళ్ల కింద ఉంచాలి. కనీసం నెల. మూడు నాలుగు నెలలు నానితే ఇంకా మంచిది. మా నాయన కాలంలో పులికాట్ వైపు నుంచి గుల్ల సున్నం వచ్చేది, అది నున్నగా మెరిసేది.

తర్వాత గానుగ. రాతి చక్రానికి ఎద్దును కట్టి సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి తిప్పేవాళ్లం. ఇప్పుడు ఎద్దు లేదు, మోటారుతో తిప్పుకోవచ్చు. సున్నం ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు, అందులో కొంత ఇసుక తగ్గించి ఇటుక పొడి. ఇసుక ఏటిదైతే కడగాలి, ఒండ్రు ఉంటే గార పగులుతుంది. కరక్కాయ దంచి, బెల్లం కలిపి నానబెట్టిన నీళ్లు దీనికి వాడతాం. బెల్లానికి మన చిత్తూరు జిల్లాలో కొరత లేదు. ఒక్కో పూత వేలి మందం దాటకూడదు. పూత పూతకూ మధ్య ఆరనివ్వాలి, ఎండకు ఒక్కసారిగా ఎండిపోకుండా తడి గోనెపట్టాలు కట్టాలి. సున్నం గాలిని పీల్చుకుని మెల్లగా రాయి అవుతుంది. తొందరపెడితే కాదు.

అందుకే వానల్లో గార పని పెట్టొద్దు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. సంక్రాంతి అయ్యాక మొదలుపెట్టి, ఎండలు ముదిరేలోపు ముగించాలి. ఇప్పుడు సున్నం నానవేసుకుంటే అప్పటికి పక్వానికి వస్తుంది.

పని నేర్పమంటే నేర్పుతాను. కుర్రాళ్లు నలుగురు కావాలి.

బెంగళూరు_చిత్తూరువాడు | జూన్ 14, ఉదయం

అందరికీ నమస్తే. మాది చిత్తూరు, పదహారేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం. అమ్మానాన్నలకు వయసైపోయింది, అపార్టుమెంట్లో వాళ్లకు ఊపిరి ఆడటం లేదు. తిరుపతికి దగ్గరగా ఆసుపత్రులు అందేలా, పల్లెలో ఇల్లు చూస్తున్నాం. ఈ చర్చ మొదటి నుంచి చదివాను. మేస్త్రి తాతగారి పోస్టు అమ్మకు చదివి వినిపిస్తే ఆమె "మనం చూసొద్దాం పద" అంది.

నాకు కొన్ని భయాలు ఉన్నాయి. బాత్రూములు, కరెంటు వైరింగ్ ఈ గోడల్లో ఎలా? నాన్నకు మోకాళ్ల నొప్పులు, గడపలు ఎత్తుగా ఉంటాయి. బ్యాంకు లోన్ వస్తుందా? మొత్తం ఖర్చు చేతిలో ఉన్నదాన్ని మించిపోతే సగంలో ఆగిపోతామా అన్నది అన్నిటికంటే పెద్ద టెన్షన్.

కట్టడాల_ఆర్కిటెక్ట్ | జూన్ 14, రాత్రి

మట్టి గోడలో పైపులు, వైర్లు దూర్చడానికి గాడి కొట్టకూడదు. వైరింగ్ గోడ పైనే కొయ్య పట్టీల్లో, లేదా గొట్టాల్లో పోనివ్వండి. ఉన్న పాత వైరింగ్ మాత్రం మొత్తం తీసేయండి, అందులో రాజీ వద్దు. బాత్రూములు గొడ్ల కొట్టం ఉన్నచోట విడిగా కట్టి, కప్పు ఉన్న నడవతో ఇంటికి కలపండి. అక్కడ సిమెంట్ వాడుకోండి, అది కొత్త కట్టడం కాబట్టి ఇబ్బంది లేదు. తడి పని పాత గోడలకు దూరంగా ఉంటే చాలు. గడపలు తీయొద్దు, రెండు వైపులా చెక్కతో వాలు పెట్టుకోవచ్చు.

ఖర్చు గురించి మీ భయం న్యాయమైనదే. ఇంటిని ఒకేసారి బాగుచేయాలనుకోకండి. కప్పు, నీళ్లు, దూలాలు మొదటి ఏడాది. ముందు రెండు గదులు, ఒక బాత్రూము ఉండటానికి వీలైతే మీ అమ్మానాన్నలు వచ్చేయొచ్చు. మిగతా పూతలు, గచ్చులు ఏడాదికి కొంత. పాత ఇల్లు అలా ఆగుతూ సాగడానికి ఒప్పుకుంటుంది. లోన్ విషయంలో బ్యాంకులు ఇంటి వయసు, గ్రామకంఠం కాగితాలు రెండూ చూస్తాయి. దాన్ని నమ్ముకుని అడ్వాన్స్ ఇవ్వకండి.

చెదలకు ఒక మాట. నేలకు తగిలే కొయ్య ఏదీ లేకుండా చేయండి, స్తంభాల కింద రాతి పీటలు ఉన్నాయా చూడండి. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు కొయ్యకు బాగా పట్టించాలి. జీడి నూనె మన పెద్దలు వాడినదే, కానీ చర్మం కాలుతుంది, చేతికి తొడుగులు ఉండాలి.

బెంగళూరు_చిత్తూరువాడు | జూన్ 22, రాత్రి

ఆదివారం వెళ్లొచ్చాం. మేం వెళ్లేసరికి వాన. ఆర్కిటెక్ట్ మేడమ్ రాకపోయినా, ఫోన్లో ఒక్కో గదిలో ఎక్కడ నిలబడి ఎక్కడ చూడాలో చెప్పారు. మేస్త్రి తాత కొడుకు బండి మీద వచ్చి ప్రతి దూలాన్నీ తట్టి విన్నారు. 11 దూలాల్లో రెండింటికి కొనలు పోయాయి, ఇంకొకటి మధ్యలో కూడా డొల్ల. మిగతావి గట్టివే. స్తంభాలన్నీ రాతి పీటల మీదే ఉన్నాయి.

నేను చెప్పాలనుకున్నది ఇంకొకటి. వాన తొట్టిలో పడుతుంటే చుట్టూ పంచల్లో మేము ఏడుగురం నిలబడి ఉన్నాం. ఎవరి మీదా చినుకు పడలేదు. నీళ్లు తూములోంచి పెరట్లోకి పోతున్నాయి, అక్కడి నుంచి బావి వైపు. మా నాన్న చిన్నప్పుడు ఇలాంటి ఇంట్లోనే పెరిగాడు. ఆయన స్తంభానికి వీపు ఆనించి కూర్చుని, లేవమంటే లేవలేదు. బెంగళూరు ఇంట్లో గంటకోసారి మందుల గురించి అడిగే మనిషి, ఆ రోజు సాయంత్రం దాకా మందు ఊసే ఎత్తలేదు.

మేం కొనాలనుకుంటున్నాం. ధర మాటలు నేరుగా మాట్లాడుకుంటాం.

నిర్వాహకులు | జూన్ 22, రాత్రి

సంతోషం. ఫోన్ నంబర్లు, ధరలు, దస్తావేజుల ఫోటోలు వేదిక మీద పెట్టకండి, వ్యక్తిగత సందేశాల్లో పంపుకోండి.

రిజిస్ట్రేషన్_రిటైర్డ్ | జూన్ 23, ఉదయం

బాబూ, అడ్వాన్స్ ఇచ్చే రోజు అగ్రిమెంటులో ఒక షరతు రాయించుకోండి. రిజిస్ట్రేషన్ అయ్యేలోపే కప్పు కాపాడే పని చేయడానికి మీకు అనుమతి, ఒకవేళ బేరం చెడితే ఆ ఖర్చు ఎవరిది అనేది స్పష్టంగా ఉండాలి. నలుగురు వాటాదారులూ సంతకం చేయాలి. పాత దస్తావేజు దొరికిందా అమ్మా?

తొట్టింటి_మనవరాలు | జూలై 6, రాత్రి

దొరికింది సార్. చిన్నత్త దగ్గర, అవ్వ ఇచ్చిన ట్రంకు పెట్టెలో. అరవంలో ఉంది. మాకెవరికీ చదవడం రాదు, చిన్నత్త అత్తగారు తిరుత్తణి ఆవిడ, ఆమె చదివింది. చెక్కుబందీలో తూర్పున వీధి, పడమర వంక పోరంబోకు, దక్షిణాన పక్కవాళ్ల పెరటి గోడ, ఉత్తరాన "రాతి బావి, అందులో సగం నీటి హక్కు" అని ఉందట. బావిలో సగమే మాదని మాలో ఎవరికీ తెలియదు. పక్కింటి పెద్దాయన్ని అడిగితే, "మీ జేజమ్మ ఎప్పుడూ అడ్డు చెప్పలేదు, మేమూ చెప్పలేదు" అన్నాడు.

రిజిస్ట్రేషన్_రిటైర్డ్ | జూలై 7, ఉదయం

మంచిది. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నవాళ్లం, తిరుత్తణి 1960 దాకా అప్పటి మన చిత్తూరు జిల్లాలోనే ఉంది. పాత కాగితాల్లో అరవం కనిపించడం మామూలే. అధీకృత తెలుగు అనువాదం చేయించి, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు కూడా తీసుకోండి. బావి సగం హక్కు మాట కొత్త దస్తావేజులో తప్పకుండా రాయించండి. రేపు మోటారు బిగించేటప్పుడు గొడవ రాకూడదు.

తొట్టింటి_మనవరాలు | ఆగస్టు 17, రాత్రి

అగ్రిమెంటు అయింది. అత్తలిద్దరూ వచ్చి సంతకాలు పెట్టారు. పెద్దత్త పెట్టే ముందు కొనేవాళ్ల అమ్మగారి చెయ్యి పట్టుకుని, "శుక్రవారం గడపకు పసుపు రాస్తావా?" అని అడిగింది. ఆమె రాస్తానంది.

వంటింటి మూల కూలిన చోట వెదురు కట్టి టార్పాలిన్ వేశారు, వానలు దాటేదాకా అదే. మూడు దూలాల కింద సరుగుడు పోట్లు పెట్టారు. పడమటి గోడ బయట మట్టి తీసేశారు. పక్కింటివాళ్లు పేడ దిబ్బ జరుపుకున్నారు, అడగ్గానే ఒప్పుకున్నారు. మిద్దె మీద రావిని మొదలుకు కోశారు.

ప్లాట్ల_లెక్క అన్నయ్యా, మీరు పంపిన ఇంకో ఇద్దరికి కూడా వివరంగా జవాబు ఇచ్చాను. వాళ్లు ఇలాంటిదే వేరే ఇల్లు చూస్తున్నారు, పులిచర్ల వైపు ఏదైనా ఉంటే చెప్పండి.

గార_మేస్త్రి | ఆగస్టు 19, రాత్రి

(కొడుకు టైప్ చేస్తున్నాడు.)

ఈ రోజు పెరట్లో, కొట్టం పక్కన గుంత తవ్వాం. నాలుగడుగుల లోతు, గట్లకు ఇటుక పేర్చాం. సున్నం పొంగింది, రాయి మంచిదే వచ్చింది. కుర్రాళ్లు ముగ్గురు వచ్చారు, ఒకడు డిప్లొమా చదివినవాడు, కళ్లద్దాలు వాడే తెచ్చాడు. గుంత మీద చెక్క మూత వేసి, మూత మీద ముళ్లకంప పెట్టాం. పక్కింటి పిల్లలకు చెప్పాం.

బెంగళూరు బాబూ, నువ్వు వారానికోసారి రాలేవు కాబట్టి పక్కింటి పెద్దాయనకు అప్పజెప్పాను. సున్నం మీద జానెడు నీళ్లు ఎప్పుడూ ఉండాలి. తగ్గితే బావిలోంచి చేది పోయమన్నాను. సంక్రాంతి ముగిసిన వారం నేను వస్తాను, కరక్కాయలు అప్పటికి ఒక బస్తా తెప్పించి పెట్టు.